లారీ కాటా మీద ఒక మనిషి

ఆ ఉదయం క్వింటాలు వేసుకున్న పథకం చాలా చిన్నది. మొదటి లారీ రాకముందే కాటా ఎక్కాలి, బరువు చీటీ తీయాలి, దాని ఫోటో ఆస్పత్రి నర్సుకు పంపాలి. తర్వాత ఫ్లాస్కులోని పలచటి సూపు తాగి, ఆకలి సంగతి ఎవరితోనూ అనకుండా సాయంత్రం దాకా కుర్చీలో కూర్చోవాలి. ఇంత చిన్న పథకానికి పదకొండు లారీలు, ఒక పరుపుల లోడు, ఆస్పత్రి సరుకుల గేటు అవసరమవుతాయని ఎవరు మాత్రం అనుకుంటారు?

క్వింటాలు అసలు పేరు ఆయనకే అప్పుడప్పుడు గుర్తొచ్చేది కాదు. లారీలు తూచే కాటా ఇరవై రెండేళ్లుగా ఆయన చేతిలో ఉంది. మలుపు దగ్గర ఇంజను చప్పుడు విని లోడెంతో చెప్పేవాడని, ఒకసారి డ్రైవరు పీకల దాకా తిని వచ్చిన భోజనాన్ని కూడా విడిగా లెక్కగట్టాడని చెప్పుకుంటారు. భోజనం సంగతి అబద్ధం. ఆ కాటా పది కిలోల కింద దేన్నీ లెక్కచేయదు. మూడు కిలోలు తేడా వచ్చిందని ఎవరైనా డ్రైవరు గొడవకు దిగితే క్వింటాలు కిటికీలోంచి ఒకటే మాట అనేవాడు: "నా కాటాకి పదులే తెలుసు. ఒకట్లు కావాలంటే కూరగాయల కొట్టుకెళ్లు."

ఎనిమిదేళ్ల కిందట ఆయన నూట నలభై ఐదు కిలోలు. అప్పుడు డాక్టర్లు కడుపు పైభాగానికి, లోపల నీరు నింపే బ్యాండు ఒకటి బిగించారు. నాలుగు ముద్దలకే కడుపు నిండినట్టు ఉండేది. రెండేళ్లలో మనిషి క్వింటాలు కిందికి దిగాడు, డ్రైవర్లు ముచ్చటపడి ఆ పేరు పెట్టారు, యజమాని ఆయన ఫోటో కాటా గదిలో అంటించాడు. తర్వాత బరువు వెళ్లిన దారినే తిరిగొచ్చింది. పేరూ ఫోటో మాత్రం అక్కడే ఉండిపోయాయి.

కొన్నేళ్లుగా గట్టి పదార్థం ఏది తిన్నా రొమ్ము కింద ఆగి వెనక్కి వచ్చేది. టీలో ముంచిన బిస్కెట్లు మాత్రం కిక్కురుమనకుండా దిగేవి. అందుకని బిస్కెట్ల మీదే బతికాడు, బిస్కెట్ల మీదే లావయ్యాడు. వాంతుల సంగతి భార్యకు చెప్పలేదు, డాక్టరుకూ చెప్పలేదు. తన నోరే తన కొంప ముంచిందని తీర్పు చెప్పుకుని, ఆ శిక్ష ఒక్కడే అనుభవిస్తున్నాడు.

బరువు మళ్లీ హద్దు దాటాక భార్య రెక్క పట్టుకుని కొత్త డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్లింది. అక్కడి మిషను నూట ఇరవై తొమ్మిది చూపించింది. పాత బ్యాండు తీసేసి వేరే ఆపరేషన్ చేయాలని, అయితే ముందు రెండు వారాలు ద్రవాలే తాగి ఐదు కిలోలు తగ్గితేనే తేదీ ఇస్తానని ఆవిడ చెప్పింది. ఆపరేషన్‌కు క్వింటాలు భయపడలేదు. రెండోసారి కూడా ఓడిపోతే ఫోటోలోని మనిషి మొహం ఎలా చూడాలన్నదే ఆయన భయం.

ఇంట్లో బరువు మిషను నూట ఇరవై దాటితే అడ్డగీతలు చూపించి చేతులెత్తేసేది. అందుకే ఆయన తన కాటానే నమ్ముకున్నాడు. మొదటి రోజు నూట ముప్పై. రెండో రోజు నూట ముప్పై. ఐదో రోజూ అంతే. నీళ్లలాంటి సూపు తాగి తాగి నడుస్తుంటే కడుపులో అలలు కొడుతున్నాయి, చీటీ మాత్రం రాయిలా ఉంది. డైటు సరిగ్గా చేస్తున్నారా అని నర్సు మర్యాదగా అడిగింది. భార్యకు అంత మర్యాద లేదు.

"గాలి పీల్చినా లావవుతున్నారా మీరు? లేక ఆ గాలిలో ఏమైనా నంచుకుంటున్నారా?"

ఏం చెప్పినా నమ్మే మొహం కాదు తనదని ఆయనకు ఆయనే అనుకున్నాడు. ఆవిడ లారీ నడిపే తమ్ముణ్ణి పిలిచి, బావ మీద ఒక కన్నేసి ఉంచమంది.

ఆరో రోజు పొద్దున ఆ బావమరిది పరుపుల లోడుతో వచ్చేసరికి క్వింటాలు కాటా మధ్యలో బొమ్మలా నిలబడి ఉన్నాడు. చీటీలో నూట ఇరవై. ఒక్క రాత్రిలో పది కిలోలు. ఆయన చీటీనే చూస్తుంటే బావమరిదే ఫోటో తీసి నర్సుకు పంపాడు. వెనక వరుసకట్టిన పదకొండు లారీలవాళ్లూ హారన్లు మోగించారు. ఆపరేషన్ సంగతి రహస్యంగా ఉంచాలన్న ముచ్చట అక్కడితో తీరిపోయింది.

రెండు నిమిషాల్లో ఆస్పత్రి నుంచి ఫోను వచ్చింది. ఒక్క రోజులో పది కిలోలు పోవడం మంచిది కాదు, ఒంట్లో నీరంతా పోయి ఉంటుంది, నడవనివ్వకుండా వెంటనే తీసుకురమ్మన్నారు. బావమరిది మాట జవదాటే మనిషి కాడు. తను బాగానే ఉన్నానని క్వింటాలు మొత్తుకుంటున్నా వినకుండా, ఆరుగురు డ్రైవర్లు ఆయన్ను ఎత్తి పరుపుల మీద పడుకోబెట్టి, ఎగిరిపోకుండా తాడు కట్టారు. బావమరిది బయల్దేరే ముందు అక్కకు ఫోను చేసి, "బావ కరిగిపోతున్నాడక్కా," అని పెట్టేశాడు. అది శుభవార్తో కాదో చెప్పలేదు.

అంత ఎత్తు లారీ ఆస్పత్రి ముందు గేటులో పట్టలేదు. కాపలావాడు సరుకుల గేటుకు తోలాడు. అక్కడి గుమాస్తా బరువు చీటీ లేనిదే అడ్డగడ ఎత్తనన్నాడు. ఉన్న చీటీ ఒక్కటే, బావమరిది అదే ఇచ్చాడు. గుమాస్తా పైకి చూశాడు, క్వింటాలు కిందికి చూశాడు. సరుకు ఒకటి, బరువు నూట ఇరవై అని పుస్తకంలో రాసుకుని గడ ఎత్తాడు.

లోపల ఆస్పత్రి మిషను నూట ఇరవై నాలుగు చూపించింది.

"దారిలో నాలుగు కిలోలు ఎలా పెరిగావు బావా? నేనెక్కడా ఆపలేదే," అన్నాడు బావమరిది.

అప్పుడే భార్య వచ్చింది. ఒక కాలికి తన చెప్పు, రెండో కాలికి మొగుడి చెప్పు. మనిషి బతికే ఉన్నాడని చూసుకుని, నాలుగు కిలోల మాట విని, నేరుగా ఆయన చొక్కా జేబులో చెయ్యి పెట్టింది. బిస్కెట్ పొట్లం బయటికొచ్చింది. అందరూ దాన్ని చూశారు. చించలేదు. ఆరు రోజులుగా జేబులో నలిగి లోపల పిండైపోయింది.

"ఉందని ధైర్యం," అన్నాడాయన నేల చూస్తూ.

ఆవిడ పొట్లాన్ని తిరిగి జేబులో పెట్టి, జేబు మీద చెయ్యి అలాగే ఉంచింది.

డాక్టరమ్మ ఆ చీటీని అటూ ఇటూ తిప్పి, దీన్ని ఏ మిషను మీద తీశారని అడిగింది. లారీల కాటా మీదని చెబుతూనే క్వింటాలు చీటీ లాక్కుని మళ్లీ చూశాడు. ఊళ్లో ప్రతి డ్రైవరుకూ తను చెప్పిన పదుల మాట తనకే ఇరవై రెండేళ్ల తర్వాత వినపడింది. నూట ఇరవై ఐదు దాకా ఆ కాటాకు నూట ముప్పైయే, అది దాటి దిగితే నూట ఇరవయ్యే. తను రోజూ తగ్గుతూనే ఉన్నాడు. ఐదు కిలోలు పూర్తయ్యాయి.

వచ్చారు కదా అని డాక్టరమ్మ ఎక్స్‌రే తీయించింది. బ్యాండు ఎప్పుడో జారిపోయింది. గట్టివి దిగకపోవడం, వాంతులు, మెత్తటివే తినాల్సి రావడం, అన్నీ దాని పుణ్యమే. వాంతులు ఎన్నాళ్లుగా అని ఆవిడ అడిగితే ఆయన భార్య వంక చూడకుండా మూడేళ్లన్నాడు. నోరు కట్టుకోలేని తన తప్పేనని కూడా కలిపాడు.

"మీ కాటా చెడి తప్పు చూపిస్తే ఎవర్ని తిడతారు, లారీనా?"

"లారీనెందుకండీ, అదేం చేసింది?"

అన్నాక ఆ మాట తిరిగొచ్చి ఆయనకే తగిలింది. తర్వాత మెల్లగా అడిగాడు. "ఈ రెండోదీ చెడితే?"

"చెడదని రాసివ్వలేను. కానీ ఈసారి మూడేళ్లు దాచకండి."

"దాచనివ్వను," అంది భార్య. ఆవిడ గొంతులో గదమాయింపు సగమే ఉంది.

డాక్టరమ్మ సూదితో బ్యాండులోని నీరు తీసి వదులు చేసింది. తేదీ రాసిచ్చింది. భార్య గ్లాసుడు నీళ్లు అందిస్తే, క్వింటాలు మూడేళ్లలో మొదటిసారి గుక్కతిప్పుకోకుండా తాగి, గ్లాసు అడుగు చూసి, ఇంకోటి అడిగాడు. కిటికీ అవతల రోడ్డు పొడుగునా, వెంట వచ్చిన పదకొండు లారీలూ ఆగి ఉన్నాయి.

తిరిగి వెళ్లేటప్పుడు సరుకుల గేటు గుమాస్తా ఆస్పత్రి బరువు కనుక్కుని పుస్తకంలో వేసుకున్నాడు. దారిలో సరుకు తరగడం ఆయన చాలా చూశాడు, పెరగడం అదే మొదలు కాబట్టి ఎవరి మీదా ఫిర్యాదు రాయలేదు.