గురుగ్రహం చుట్టూ అప్రదక్షిణం

ఆ ఉదయం పద్మలత అనుకున్నది ఒక్కటే. హన్మకొండలోని తమ స్కూల్లో కొత్త సైన్సు ల్యాబు తెరుస్తారు, రిటైర్డ్ ఫిజిక్స్ ప్రొఫెసర్ రామలింగం వచ్చి తాను చేసిన నమూనాను మెచ్చుకుంటారు, కరస్పాండెంట్ సారంగపాణి తన టీచరుద్యోగం పర్మనెంట్ చేస్తారు. ఏళ్ల తరబడి టెంపరరీ అనిపించుకుని ఆమెకు విసుగెత్తిపోయింది. బల్లమీద గురుగ్రహం, దాని చుట్టూ మోటారుతో తిరిగే నాలుగు పెద్ద చందమామలు. ఒక్కో చందమామ గ్రహాన్ని ఒకసారి చుట్టి వచ్చేలోగా తన చుట్టూ తానూ ఒకసారి తిరుగుతుంది కాబట్టి, ఎప్పుడూ ఒకే ముఖం గ్రహానికి చూపిస్తుంది. పాపం, నిద్ర మానుకుని మరీ చేసింది.

కొబ్బరికాయ కొట్టడానికి సారంగపాణి తల్లి కట్టమ్మ కొడుకుతో ముందే వచ్చింది. కళ్లద్దాలు సర్దుకుని వంగి చూసింది.

"మొఖం దేవుని దిక్కే పెట్టినయ్, భక్తి మంచిగనే ఉన్నది. గని ఇదేంది బిడ్డా, ఉల్టా తిరుగుతాన్నయ్! గుళ్ల ఎవలన్న అప్రదక్షిణం చేస్తరా?"

"ఉత్తరం దిక్కు నుంచి చూస్తే నిజంగ అట్లనే తిరుగుతయమ్మా."

"నిజమైతేంది? శుభమా అని కాళ్లు పెడుతుంటే ఇదేం అరిష్టం!"

తల్లి మాటంటే సారంగపాణికి వేదం. "మేడం, జర సీదా తిప్పున్రి. లేకుంటే తీసి పక్కకు పెట్టున్రి," అని ప్రొఫెసర్‌కు ఎదురెళ్లాడు. తల్లీ వెంట నడిచింది.

తిప్పితే ప్రొఫెసర్ ముందు పరువు పోతుంది, తిప్పకపోతే ఉద్యోగం పోతుంది. పద్మలత లెక్కల సారు నవీన్‌ను పిలిచి మోటారు తీగలు మార్పించింది. అంతే, బెల్టు జారి చందమామలు ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి. నవీన్ కంగారుగా లాగితే ఒకటి ఊడి కొబ్బరికాయల బుట్టలో పడింది. దాన్ని వెతికి బిగించేసరికి తాతలు దిగొచ్చారు.

"మేడం, సీదా పెడితే బెల్టు ఆగుతలేదు. పాత దిక్కుకైతేనే తిరుగుతాంది."

అంతలో మెట్లమీద మాటలు వినిపించాయి. ప్రొఫెసర్, సారంగపాణి, కట్టమ్మ ముగ్గురూ వచ్చేస్తున్నారు. పద్మలత తలెత్తింది. ఇంకా ఫ్యాను బిగించని కొక్కెం కనబడింది.

"నవీన్ సార్, పాత దిక్కుకే పెట్టి, మొత్తం తలకిందులు చేసి తాడుతోటి ఏలాడదీయున్రి! నడుమెత్తుకు దించున్రి, జల్ది!"

తలుపు తెరుచుకునేసరికి చందమామలు బుద్ధిగా ప్రదక్షిణం చేస్తున్నాయి. గ్రహం దక్షిణ భాగంలో ఉండే పెద్ద ఎర్రమచ్చ మాత్రం పైకొచ్చింది.

"బొట్టు గూడ పెట్టినవా బిడ్డా!" కట్టమ్మ చేతులు జోడించింది.

ప్రొఫెసర్ కళ్లజోడు తుడిచి మళ్లీ పెట్టుకున్నారు. "ఈ మచ్చ కిందికుండాలె గద? చందమామలు గూడ ఉల్టా పోతాన్నయేంది?"

సారంగపాణి ముఖం మాడిపోయింది. పద్మలత తెగించింది.

"దక్షిణం పైకి పెట్టిన సార్. ఆకాశంల పైనేది, కిందేది?"

ఆయన తల పక్కకు వంచి గ్రహాన్ని చూశారు. "కరెక్టే," అన్నారు చివరికి. "సారంగపాణీ, ఈ మేడంను ఇడువకు."

"ఇయ్యాల్టి నుంచే పర్మనెంట్ సార్!"

పద్మలతకు ఏడుపొచ్చినంత పనైంది. అందరూ టిఫిన్లకు వెళ్లాక మోటారు ఆపబోతుంటే ప్రొఫెసర్ ఒక్కరే వెనక్కి వచ్చారు. గడప బయట బూట్లు విప్పారు.

"ఆపకమ్మా. మా మనుమరాలికి సంబంధం కుదురుతలేదు, గురుబలం లేదంటాన్నరు. ఎన్ని చుట్లు తిరగాల్నో జర ఆ పెద్దమ్మను అడిగి చెప్తవా?"

ఇప్పుడు గురువారాలు ల్యాబు చుట్లు తిరిగేవాళ్లకే చాలదు; ఫిజిక్స్ క్లాసు వరండాలో జరుగుతోంది.