మేడమీద పళ్ల డాక్టరు

మా కాట్రేనికోన మండలంలో ఆరోగ్య సదుపాయాలకు ఎలాంటి లోటూ లేదని ఇందుమూలంగా తెలియజేయడమైనది. చెరువులో రొయ్య ఒక పూట మేత తగ్గిస్తే చాలు, గంటలో టెక్నీషియన్ మోటారుసైకిలు మీద దిగుతాడు. నీళ్లు పరీక్షిస్తాడు, రొయ్యను పరీక్షిస్తాడు, సాయంత్రానికి రిపోర్టు ఫోనులో పెడతాడు. నాలుగు చెరువుల ఆసామి గంగబాబు గారు ఈ విషయంలో మహా జాగ్రత్తపరులు.

ఆయన కూతురు సాయిదుర్గ పదో తరగతి. మూడు నెలలుగా కంచంలో అన్నం వదిలేస్తోంది. పిల్ల రొయ్య కాదు గనుక ఎవరూ కంగారు పడలేదు. నోటితో అడిగితే పాఠమంతా గడగడా చెబుతుంది, కాగితం మీద పెట్టమంటే అక్షరాలు తారుమారవుతాయి. బడిలో మొద్దు అని పేరు పెట్టారు. ఈమధ్య బడికి వెళ్లనంటూ గోడవైపు తిరిగి పడుకుంటోంది. "నేను నిజంగా మొద్దునేనా అమ్మా?" అని ఒకనాడు అడిగితే తల్లి విజయ వంటింట్లోకి వెళ్లి ఏడ్చింది.

శాస్త్రీయ చికిత్స వెంటనే ఆరంభమైంది. ఐనవిల్లి వినాయకుడి దగ్గర పూజ చేసిన పెన్ను తెచ్చారు. పెన్ను బ్రహ్మాండంగా రాసింది, తప్పులు కూడా స్పష్టంగా కనబడ్డాయి. వాడపల్లి గుడిలో ఏడు శనివారాలు ప్రదక్షిణలు చేయించారు. ఆ ఏడు శనివారాల పాఠాలూ పోయాయి. నాయనమ్మ దిష్టి తీసింది. మేనమామ, హాస్టల్లో పడేస్తే రోగాలన్నీ కుదురుతాయని అభయమిచ్చాడు.

తెలుగు టీచరు కృపావతి మాత్రం, "పిల్లకి తెలివి లేక కాదండి. చదవడం, రాయడం దగ్గరే ఏదో ఇబ్బందుంది. పరీక్ష చేయించి కాయితం తెస్తే, పబ్లిక్ పరీక్షల్లో రాసిపెట్టే మనిషినిస్తారండి" అంది. ఈ దుస్సాహసానికి హెడ్మాస్టరు ప్రభాకరరావు గారు తల్లిదండ్రుల సమావేశంలోనే జవాబిచ్చారు. "నూటికి నూరు శాతం ఫలితాలు సాధించిన ఈ విద్యాలయ చరిత్రలో అటువంటి లోపము ఏనాడూ నమోదు కాలేదు. ఇకముందు కూడా కానివ్వబోమని హామీ ఇస్తున్నాను!" చప్పట్లు మోగాయి. గంగబాబు గారు కూడా కొట్టారు.

సర్టిఫికెట్టు కోసం ఓ కార్యాలయానికి వెళితే, దరఖాస్తును అభ్యర్థి స్వదస్తూరీతో, తప్పులూ కొట్టివేతలూ లేకుండా నింపాలన్నారు. సాయిదుర్గ నింపిన ప్రతిసారీ తప్పులున్నాయని తిప్పి పంపారు. తప్పుల్లేకుండా నింపితే ఇస్తారా అని విజయ అడిగింది. "అప్పుడింక సర్టిఫికెట్టు ఎందుకండీ?" అన్నాడు గుమాస్తా, ఎంతో మర్యాదగా.

చివరికి అమలాపురంలో ఒక మానసిక వైద్యుడి దగ్గరికి, పిల్లలను పరీక్షించి కాగితమిచ్చే సైకాలజిస్టు పక్షానికోసారి వస్తుందని తెలిసింది. ఆ వైద్యుడికి ముందుచూపు మెండు. పళ్ల డాక్టరున్న మేడ కిందే ఆసుపత్రి పెట్టాడు. గంగబాబు దంపతులు మాస్కులు పెట్టుకుని, కూతురికీ పెట్టి తీసుకెళ్లారు. "ఎవరైనా అడిగితే పన్ను నొప్పని చెప్పవే" అని విజయ నేర్పింది.

హాలు నిండా మాస్కులే. కాసేపటికి మూల కుర్చీలో ఉన్నది హెడ్మాస్టరు గారని గంగబాబు గారు పోల్చుకున్నారు. పక్కన ఆయన కొడుకు నేల చూపులు చూస్తూ కూర్చున్నాడు.

"పన్నాండీ, మేస్టారూ?"

"ఆయ్, పన్నేనండీ. తమరు?"

"మాదీ పన్నేనండీ."

లోపలినుంచి నర్సు సాయిదుర్గ పేరు పిలిచింది. గంగబాబు గారు ఫోనులోకి తల దించారు. విజయ కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుంది. నర్సు మళ్లీ పిలిచింది. ఈ వరస తప్పితే మళ్లీ పదిహేను రోజులు ఆగాలి, ఈలోగా పబ్లిక్ పరీక్షలకు కాగితాలు పెట్టే గడువు దాటిపోతుంది.

సాయిదుర్గ చెయ్యి విడిపించుకుని లేచింది. మాస్కు తీసేసింది. "నేనేనండీ. నాకు పన్ను నొప్పి లేదండీ, చదవడానికే ఇబ్బందండీ" అని అందరికీ వినబడేలా చెప్పి లోపలికి వెళ్లింది.

గంగబాబు గారి అమ్మాయిని పిచ్చి డాక్టరుకు చూపించారని సాయంత్రానికల్లా ఊరంతా తెలిసిపోయింది. ఎవరు చెప్పారని ఎవరూ ఆరా తీయలేదు. తీస్తే, ఆ చెప్పినవాడు అక్కడేం చేస్తున్నాడో కూడా చెప్పాల్సి వస్తుంది కదా. నా సంగతంటారా, నేను నిజంగా పన్ను చూపించుకోవడానికే వెళ్లాను, మెట్లెక్కలేక కింద కూర్చున్నాను. ఆవేళ నా ఎదురు కుర్చీలో మీరెందుకు కూర్చున్నారో మాత్రం నేనింతవరకూ ఎవరికీ చెప్పలేదు.