తొమ్మిదిన్నర గంటల కాపురం

కొత్తగా పెళ్లయినవాళ్లకు కావాల్సింది ఇల్లు కాదండీ, దూరం! అదీ ఆషామాషీ దూరం కాదు. మధ్యలో రెండు సముద్రాలూ ఒక ఎడారీ అయినా ఉండాలి. నాలుగు నెలల కాపురం అనుభవంతో చెబుతున్నాను.

మా ఆయన ఉద్యోగం ఆ ఊళ్లో, నాది ఈ ఊళ్లో. మధ్యలో ఏడువేల నాలుగువందల కిలోమీటర్లు. విమానంలో తొమ్మిదిన్నర గంటలని ఇంటర్నెట్ చెబుతోంది.

దీనివల్ల ఎంత లాభమో తెలుసా? నా ఆదివారం ఇంకా బోలెడు మిగిలుండగానే మా ఆయన సోమవారంలోకి వెళ్లిపోతారు. "సోమవారం ఎలా ఉంది?" అని అడుగుతాను. "ఏం బాగాలేదు, నువ్వు రాకు" అంటారు. ఇలా ముందే హెచ్చరించే మొగుడు ఎంతమందికున్నాడు? పైగా వీడియో కాల్‌లో ఎప్పుడు చూసినా ఇస్త్రీ చొక్కానే. కింద లుంగీయో, ఇంకేమిటో, నాకెందుకు? గుట్టు తెలియనంతకాలం మొగుడంత అందగాడు లేడు!

ఇంత సుఖం ఒంటికి పడదేమోనని ఆ ఊరికి బదిలీ అడిగాను. మా ఆఫీసులో ఒక రూలుంది. పన్నెండు గంటల్లోపు ప్రయాణమైతే అది దగ్గర ఊరే. దగ్గర ఊళ్లో మొగుడున్నవాళ్లకు బదిలీ లేదు, మూడు రోజుల సెలవు మాత్రం ఉంది. సెక్షన్ పెద్దాయన గోడ మీది మ్యాప్‌కి స్కేలు ఆనించి మరీ కొలిచారు.

"తొమ్మిదిన్నర గంటలేగా అమ్మా! పక్కవీధిలా ఉంది."

"డైరెక్ట్ ఫ్లైట్ లేదండీ. రెండుచోట్ల మారాలి."

"అది విమానాల తప్పు. దూరానిదేం తప్పు?"

నిజమే, పాపం దూరమేం చేసింది! సెలవు పెట్టి వెళ్లాను. పోవడానికి ఇరవైతొమ్మిది గంటలు, రావడానికి ముప్పైఒకటి. ట్రాఫిక్‌కీ, చెకిన్ లైన్లకీ ఏడు. డెబ్బైరెండులో ఇవన్నీ పోగా కాపురానికి నికరంగా ఐదు గంటలు!

"వదినా, నువ్వొచ్చింది కాపురానికా, కనెక్టింగ్ ఫ్లైట్‌కా?" అని మా ఆడపడుచు ఫోన్లో ఒకటే నవ్వు.

ఆ ఐదు గంటలూ ఎలా గడిచాయంటారా? సోఫాలో ఇలా కూర్చుని అలా ఒరిగాను. కింద కారువాడు హారన్ కొట్టేదాకా మెలకువ రాలేదు. మా ఆయన పక్కనే కూర్చుని, దుప్పటి సర్దుతూ నన్నే చూస్తున్నారట!

"లేపొచ్చుగా!" అన్నాను, చెప్పులు వెతుక్కుంటూ.

"అంత దూరం నుంచి వచ్చి పడుకుంటే ఎలా లేపను?"

"పడుకోవడానికా వచ్చింది?"

"గురక పెడుతుంటే ముచ్చటేసింది."

"నేను గురక పెడతానా?"

అదీ మా మొదటి గొడవ. కార్లో పెరిగింది, చెకిన్ లైన్లో ముదిరింది. సరిగ్గా నేను గెలవబోతుంటే సెక్యూరిటీ గేటు దగ్గరమ్మాయి బోర్డింగ్ పాస్ అడిగింది.

కాబట్టి పెద్దాయనగారూ, మీ స్కేలు మీద నాకు పూర్తి నమ్మకముంది. తొమ్మిదిన్నర గంటలే, ఒప్పుకున్నాను. బదిలీ ప్రేమ కోసం అడగడం లేదు, ప్రేమ ఫోన్లో బాగానే నడుస్తోంది. మా గొడవ సగంలో ఆగిపోయిందండీ. అది తేలాలంటే ఒకే ఇంట్లో, తక్కువలో తక్కువ నలభై ఏళ్లు పడుతుంది!