నల్లప్ప కాలేయం మీద కమిటీ

ఒక పెద్ద అడవిలో, నేరేడు చెట్లకూ తీర్మానాలకూ కొదవలేని చోట, నల్లప్ప అనే ఎలుగుబంటి జంతుసభకు అధ్యక్షుడిగా ఉండేవాడు. మనసు మంచిది. ఎవరైనా అర్జీ పట్టుకొస్తే చదవకుండానే జాలిపడేవాడు.

ఆయనకున్న అలవాటు ఒక్కటే. సాయంత్రం పూట దొన్నెడు నేరేడు వైను. కోటిలింగం అనే కొండముచ్చు పళ్ళను చెట్టు తొర్రలో పులియబెట్టి ఆ వైను తయారుచేసేవాడు. అది గుండెకు మంచిదని మొదట చెప్పిందీ అతనే. గుండెకు మంచిదైతే ఊపిరితిత్తులు ఏం పాపం చేశాయని నల్లప్ప రెండో దొన్నె తాగాడు. మూడోది మూత్రపిండాల కోసం. ఏ అవయవానికీ అన్యాయం జరగకూడదన్న పట్టుదలతో పన్నెండేళ్ళు గడిచేసరికి, సాయంత్రపు వైను మధ్యాహ్నానికీ, మధ్యాహ్నపుది పొద్దుటికీ జరిగింది.

"మీ కళ్ళేమిటండీ, పసుపునీళ్ళతో కడిగినట్టున్నాయి?" అంది భార్య ముద్దమ్మ ఒకరోజు.

నల్లప్ప ఏదో సర్దిచెప్పాడు గానీ, భయం తనకూ ఉంది. కాళ్ళూ చేతులూ సన్నబడిపోయి పొట్ట ఒక్కటే కుండలా ఉబ్బింది. ముద్ర వేయబోతే పంజా వణుకుతోంది. అన్నిటికన్నా లోపల గుచ్చుకున్నది వేరే. ఆ పొద్దున చిన్నకూతురు ఒళ్ళోకి ఎక్కి కూర్చుంటే, పాప పేరు ఎంతకీ గుర్తురాలేదు. "బంగారూ" అని పిలిచి గండం గడుపుకున్నాడు.

ముద్దమ్మ పోరుపడలేక సూదమ్మ దగ్గరికి వెళ్ళాడు. సూదమ్మ ముళ్ళపంది, అడవికంతటికీ ఒక్కతే డాక్టరు. ఆమె ముళ్ళ కన్నా మాట పదునని పేరు. పక్కటెముకల కింద నొక్కి చూసింది. పొట్ట మీద తట్టి చెవి ఆనించింది.

"కాలేయం వెలగకాయలా గట్టిపడింది. పొట్టలో నీరు చేరింది. ఎన్నేళ్ళ నుంచి తాగుతున్నారు?"

"నేను తాగేది సారా కాదమ్మా. పళ్ళరసం."

"మీ కాలేయానికి ఆ తేడా తెలీదు. అది అంత చదువుకోలేదు."

నల్లప్ప మాట మార్చాడు. "మందేమిటి మరి?"

"మానెయ్యడం."

"అది కాకుండా?"

"అది కాకుండా అంటే, రాబందుకు కబురు పెట్టడమే."

ఇంటిదారిలో వాగు దగ్గర ఆగి నీళ్ళలో తన ముఖం చూసుకున్నాడు నల్లప్ప. పసుపు కళ్ళు తిరిగి తననే చూశాయి. మానేద్దామనే అనుకున్నాడు. నిజంగానే అనుకున్నాడు. కానీ వాగు దాటగానే పట్టాభి ఎదురయ్యాడు.

పట్టాభి సభా కార్యదర్శి, జాతికి ఉడుము. ముగ్గురు అధ్యక్షులు మారినా తన బండను మాత్రం వదల్లేదు. సంగతంతా విని గొంతు తగ్గించాడు.

"ఆరోగ్యం చెడినవాడు అధ్యక్షుడిగా ఉండరాదని మన నిబంధన. ఒక్క డాక్టరు మాట పట్టుకుని మీరు వైను మానేశారంటే, రోగం ఉందని ఒప్పుకున్నట్టే కదండీ. కమిటీ వేద్దాం."

నల్లప్ప ప్రాణం లేచి వచ్చింది. మానాల్సిన పని వాయిదా పడిందన్న సంతోషంలో ఆ సాయంత్రం రెండు దొన్నెలు ఎక్కువే తాగాడు.

వైను గురించి బాగా తెలిసినవాడని కోటిలింగాన్ని కమిటీకి పెద్దను చేశారు. లోపలి అవయవాల మీద అనుభవం ఉందని బోడయ్య అనే రాబందును సభ్యుడిగా తీసుకున్నారు. రోగాన్ని కనిపెట్టింది సూదమ్మే కాబట్టి ఆమె నిష్పక్షపాతంగా ఉండజాలదని పక్కన పెట్టారు.

మూడు వారాలు, ఆరు కడవల తరవాత నివేదిక వచ్చింది. పట్టాభి సభలో చదివాడు. "పసుపు కళ్ళు బంగారు చూపుకు గుర్తు. పెద్ద పొట్ట పదవికి తగిన నిండుదనం. పంజా వణకడం వినయం. మరిచిపోవడం పగపట్టని గుణం. ఇవే ఆరోగ్యవంతుడైన అధ్యక్షుడి లక్షణాలు. ఈ ఆరోగ్యం ప్రజలందరికీ అందాలి. కనుక ప్రతి జంతువుకూ రోజుకొక దొన్నెడు వైను ఉచితం."

సభ చప్పట్లతో మారుమోగింది. ఎవరూ లేచి ప్రశ్న అడగలేదు. ఉచితమన్నదాన్ని ప్రశ్నించే అలవాటు ఆ అడవిలో లేదు.

దొన్నె పథకం ఏడాది నడిచింది. ఒక దొన్నెతో సరిపెట్టుకున్నవాళ్ళు తక్కువ. కొమ్మ మీంచి జారిపడ్డ కోతులు కొమ్మలు కురచబడ్డాయని అర్జీలు పెట్టాయి. కబుర్లు మోసే జింకలు పరుగెత్తి పరుగెత్తి ఎక్కడికి వెళ్తున్నాయో మరిచి, దారిలో కనబడినవాళ్ళనే అడిగాయి. అడవి నిండా బంగారు చూపులే.

వర్షాకాలపు సమావేశంలో పథకం ఘనత గురించి మాట్లాడుతూ నల్లప్ప దగ్గాడు. నోటినిండా నెత్తురు. ముందున్న బండ ఎర్రబడిపోయింది.

సభ బిక్కచచ్చిపోయింది. కోటిలింగం తొంగి చూసి, "వైనే లెండి, రంగు చూడండి" అన్నాడు. పట్టాభి అలాగే రాసుకున్నాడు.

ముద్దమ్మ భర్తను వీపున వేసుకుని సూదమ్మ గుహ చేర్చింది. నెత్తురు ఆగడానికి ఒక పగలు పట్టింది. తరవాత వైను లేక నల్లప్ప ఒళ్ళంతా వణికింది. నాలుగు రోజుల పాటు, అక్కడ లేని తేనెటీగలను తోలుకుంటూనే ఉన్నాడు. మానడం కూడా ఒంటరిగా చెయ్యాల్సిన పని కాదంటూ సూదమ్మ అతని పక్కనుంచి కదల్లేదు.

రోజూ పరామర్శకు వచ్చినవాడు బోడయ్య ఒక్కడే. గుహ ఎదుటి కొమ్మ మీద వాలి, "ఇవాళ ఎలా ఉందమ్మా?" అని అడిగేవాడు.

"కాస్త నయం. మీకెందుకన్నయ్యా రోజూ శ్రమ?" అంది ముద్దమ్మ.

"శ్రమేముంది తల్లీ. ఓపికే కదా మా వృత్తి."

కొంచెం తెలివి వచ్చాక నల్లప్ప డాక్టరును అడిగాడు. "నేను మళ్ళీ మామూలు మనిషినవుతానా?"

"మనిషి సంగతి నాకు తెలీదు. ఎలుగుబంటిగా బతకొచ్చు. గట్టిపడిన భాగం మళ్ళీ మెత్తబడదు. మిగిలినదాన్ని కాపాడుకోండి. ఉప్పునేల నాకడం మానెయ్యండి. వైను అన్న మాట కూడా ఎత్తకండి."

ఆరు నెలలు నల్లప్ప వాగునీళ్ళే తాగాడు. పొట్ట తగ్గింది. కళ్ళు తెల్లబడ్డాయి. ఒక పొద్దున తన గుహ ముందు ఆడుకుంటున్న చిన్నకూతురిని, ఆలోచించకుండానే, "గున్నమ్మా, ఇలా రా" అని పిలిచాడు. ఆ మాట నోట్లోంచి వచ్చాక గానీ అదేమిటో ఆయనకు తెలియలేదు. పాపను ఎత్తుకుని అలాగే చాలాసేపు కూర్చున్నాడు. ముద్దమ్మ పని ఉన్నదానిలా లోపలికి వెళ్ళిపోయింది.

ఆ మర్నాడే సభకు వెళ్ళాడు. దొన్నె పథకం రద్దు చెయ్యాలన్నాడు. తన కాలేయం సంగతి, నెత్తురు సంగతి, మరిచిపోయిన పేరు సంగతి, ఏమీ దాచుకోకుండా చెప్పాడు. ఇన్నేళ్ళలో తొలిసారి తడబడకుండా మాట్లాడాడు.

సభ అంతా వింది. చివరికి కోటిలింగం తూలుతూ లేచాడు.

"అధ్యక్షులవారి మాట తరవాత చూద్దాం. ముందు ఆయన్ని చూడండి. చూపులో బంగారం లేదు. పొట్టలో నిండుదనం లేదు. పంజాలో వినయం లేదు. పాత సంగతులన్నీ గుర్తుపెట్టుకుని మరీ చెప్తున్నారు. ఆయనకు ఒంట్లో బాగోలేదని నా అనుమానం."

పట్టాభి నివేదిక తిరగేసి చూశాడు. అక్షరం అక్షరం సరిపోయింది. ఆరోగ్యం చెడినవాడు పదవిలో ఉండరాదన్న నిబంధన కింద నల్లప్పను దించేశారు. అడవిలో అందరికన్నా పసుపు కళ్ళున్న కోటిలింగాన్ని ఏకగ్రీవంగా ఎన్నుకున్నారు. కొత్త అధ్యక్షుణ్ణి అందరికన్నా ముందు అభినందించినవాడు బోడయ్య. పక్కటెముకల కింద ఆప్యాయంగా నిమిరి మరీ అభినందించాడు.

నల్లప్ప బయటికి వచ్చేసరికి చెట్టుకింద సూదమ్మ నిలబడి ఉంది.

"కోటిలింగాన్ని ఒకసారి నీ దగ్గరికి రమ్మని చెప్పవే అమ్మా. నేను పడింది వాడు పడకూడదు" అన్నాడు.

"చెప్పాను. కమిటీ వేస్తానన్నాడు."

నీతి: పదవిలో ఉన్నవాడు రోగాన్ని దాచుకోనక్కర్లేదు, నయం కాకుండా చూసుకుంటే చాలు.