కుదుళ్లకు పట్టించిన పరిశోధన

పెళ్లయి నెల తిరగలేదు. సోమవారం భార్య పీహెచ్‌డీ వైవా. అతిథుల వరసలో తన తెల్ల వెంట్రుకలు మెరవకూడదని ఆదివారం ఉదయం భర్త నిశ్చయించుకున్నాడు. ఆమె ల్యాబుకు వెళ్లగానే రంగు గిన్నె తల్లి చేతికిచ్చాడు.

భార్య థీసిస్‌లో అచ్చుతప్పులు దిద్దింది అతనే. అందుచేత విషయమంతా తనకు వచ్చేసిందని అతని నమ్మకం. థీసిస్ ప్రకారం జుట్టు రంగులో అమీన్లనే రసాయనాలుంటాయి. చర్మంలోని ఒక ఎంజైము వాటికి ఎసిటైల్ ముక్క తగిలించి కోరలు పీకేస్తుంది.

"నెత్తికి అంటకుండా వేస్తాన్రా," అంది తల్లి.

"అదే తప్పమ్మా! ఎంజైము ఉండేది చర్మంలో, జుట్టులో కాదు. కుదుళ్లకు బాగా రుద్దు."

"పోయినసారి దురదపెట్టిందన్నావుగా?"

"అప్పుడు సరిగ్గా రుద్దలేదు."

సాయంత్రానికి దురద మొదలైంది. ఎంజైము పనిలోకి దిగిందని అతను సంతోషించాడు. భార్య వచ్చేసరికి మాత్రం ముసుగుతన్ని పడుకున్నాడు.

"ఏమైంది అత్తయ్యా?"

"నీ పరీక్షని వాడికి బెంగమ్మా. నువ్వెళ్లి చదువుకో."

ఆమె మురిసిపోయి, దుప్పటి మీదే ఒక ముద్దు పెట్టి వెళ్లింది.

తెల్లారేసరికి ముఖం వాచి అతని కళ్లు రెండు గీతలయ్యాయి. భార్య ముందే బయలుదేరింది. అతను హెల్మెట్ తగిలించుకుని బస్సెక్కాడు. పక్క సీటు చివరిదాకా ఖాళీగానే ఉంది.

హాల్లో పరీక్షకుడు థీసిస్ మూసి పక్కన పెట్టాడు. "ఎంజైము అంత మంచిదైతే కొందరి ఒంటికి రంగు ఎందుకు పడదమ్మా? ఇది చెప్పలేకపోతే పట్టాకి సంతకం చెయ్యలేను."

ఆమె తెరమీద చూపించే పుల్లను హాలు వెనక వరసకు తిప్పింది.

"ముందు ఆ వెనకాయన్ని హెల్మెట్ తియ్యమనండి. నాకు భయమేస్తోంది."

తీశాడు. గుమ్మడికాయంత ముఖం బయటపడింది. చొక్కాను బట్టి భార్య గుర్తుపట్టింది.

"అయ్యో, మీరా! కుదుళ్లకు రుద్దుకున్నారా?"

"ఎంజైముకి అందాలని..."

ఆమె ఒక్క క్షణం అతన్ని చూసి, పరీక్షకుడి వైపు తిరిగింది. "ఎంజైము ఓపికకూ హద్దుంది సార్. ఇలా కుమ్మరిస్తే అది మార్చగా మిగిలిన అమీన్లు అలాగే ఉండిపోతాయి. ఒకసారి పడక దురదపెట్టినవాళ్లు మళ్లీ వాచిపోవడానికి ఆ మిగిలింది చాలు." చేతిలోని పుల్లతో భర్త నుదురు చూపించింది. "ఇక్కడ చూడండి."

కమిటీ మొత్తం లేచి వచ్చి చూసింది. అతను ఎంతో సహకరించి, కుడిచెవి కూడా చూపించాడు.

"సంతృప్తికరం," అన్నాడు పరీక్షకుడు.

సంతకం పెట్టే ముందు నల్లగా నిగనిగలాడే తన కణతల జుట్టు ఒకసారి తడుముకుని, వాపు మొదలవడానికి ఎంతసేపు పడుతుందని మెల్లగా అడిగాడు.