బాబాయిగారికి కొత్త తీగలు

‘వేళ్ళు నొప్పి పెడుతున్నాయి’ అన్న చిన్న మాట పెళ్ళాంతో చెప్పలేక ఒక పెద్దమనిషి ఇల్లంతా తలకిందులు చేసుకున్నాడు. చెప్పేస్తే ఒక్క నిమిషంలో అయిపోయేది. ఆ నిమిషంతో పాటు ఉద్యోగమూ అయిపోతుందని అతని భయం.

అతను నాటకశాల వాద్యబృందంలో డబుల్ బేస్ వాయిస్తాడు. ఎప్పుడూ చూడనివాళ్ళకి చెప్పాలంటే, ఫిడేలు తిని తిని మనిషి కంటే ఎత్తు పెరిగి, పొట్ట వేసి, గొంతు బొంగురుపోతే ఎలా ఉంటుందో అదీ. నిలబడి వాయించాలి. మోయడానికి ఇద్దరు కావాలి. పెట్టడానికి ఒక మూల కావాలి. ఇంట్లో కిటికీ ఉన్న ఒక్కగానొక్క మూల దానిదే.

భార్య దాన్ని ‘బాబాయిగారు’ అంటుంది. రెండు రోజులుండి పోతానని వచ్చి పాతుకుపోయిన చుట్టానికి ఇచ్చే మర్యాద అది. ఆవిడ ఇంట్లోనే కోట్లు కుడుతుంది. బాబాయిగారు గొంతెత్తితే బల్ల మీద కత్తెర వణుకుతుంది.

అందుకని ఆ ఇంట్లో ఒక నియమం. బాబాయిగారికి ఏ తీగలు వేసినా ముందు ఆవిడ చెవికి నచ్చాలి. నియమం పెట్టింది అతనే, పెళ్ళైన కొత్తలో, ప్రేమ పొంగినప్పుడు. అదే పొంగులో ఇంకో మాట కూడా ఇచ్చాడు: “నా వేళ్ళు నొప్పి పెట్టిన రోజున వాయించడం మానేస్తా, చూసుకో.” అప్పట్లో వేళ్ళు అరిగిపోతాయని ఎవరికి తెలుసు?

ఇప్పుడు తెలిసింది. ఉక్కు తీగలు చాలా బిగువు. అదిమి పట్టాలంటే ఎడమచేతి వేళ్ళ కీళ్ళలో నిప్పు రాజుకుంటోంది. పట్టు వదిలితే స్వరం జారుతోంది. సరిగ్గా ఇప్పుడే, బృందాన్ని నడిపించే ఆయన ఒక్కొక్కరూ ఒంటరిగా వాయించి వినిపించాలని ప్రకటించాడు. ఎవరి శబ్దం ఆఖరి వరుస దాకా రాదో వాళ్ళు ఇంటికి. ఆయన్ని చాటుగా అందరూ పుల్లదొర అంటారు. చేతిలో తాళం చూపే పుల్ల ఉన్నంతసేపే దొర, కింద పెడితే వీధిలో ఎవరూ గుర్తుపట్టరు.

ఇతని పక్కనే నిలబడి అదే వాయిద్యం వాయించే స్నేహితుడు ఒకడున్నాడు. వాయిస్తూ గొంతులో జుమ్మంటాడు కాబట్టి తుమ్మెద. వాడు ఎప్పటినుంచో మెత్తటి తీగలే వాడతాడు. “దూది చేతులవాళ్ళకి పనికొస్తాయిలే” అని ఇతను నలుగురిలో వాణ్ణి ఎన్నిసార్లు వెక్కిరించాడో! ఇప్పుడు వాడి దగ్గరికే వెళ్ళి తీగలు అరువడిగాడు.

“దూది పెరిగిందా?” అన్నాడు తుమ్మెద. అంతకంటే ఏమీ అనలేదు. రెండు రకాల తీగలు చుట్టలు చుట్టి ఇచ్చాడు. ఒకటి లోపల నైలాను, పైన లోహపు చుట్టు. ఇంకోటి గొర్రెపేగుతో చేసినవి. లావుగా, వేలికి మెత్తగా ఉంటాయి. “స్వరం చిక్కగా వస్తుంది, కానీ త్వరగా ఆగిపోతుంది. కమాను జారకుండా చూసుకో” అని హెచ్చరించాడు.

పథకం సులభం. మూడు రకాలూ భార్యకి వినిపించాలి. పేగు తీగలు ఆవిడే ఎంచుకోవాలి. నొప్పి మాట ఎత్తకుండా పని జరిగిపోవాలి.

“ఏమే, నువ్వు అటు తిరిగి కూర్చో. ఏ తీగల శబ్దం బాగుందో చెప్పు.”

“బాగున్నవి ఉన్నాయిగా. ఇప్పుడెందుకు?”

“శబ్దంలో నిండుదనం తగ్గింది.”

“తగ్గింది శబ్దంలోనేనా?”

“శబ్దంలోనే.”

ఆవిడ అటు తిరిగింది. కోటు చేతిని కుడుతూనే ఉంది.

ముందు ఉక్కు తీగలు. కావాలనే కమాను గీరుకుపోయేలా వాయించాడు. పక్కింటి కిటికీ మూసుకున్న చప్పుడైంది.

“బాగుంది” అంది భార్య.

“అదా?”

“గట్టిగా, నిక్కచ్చిగా ఉంది. వీధి చివరిదాకా వినిపిస్తుంది. పక్కింటావిడ కూడా మెచ్చుకుని కిటికీ వేసుకుంది.”

నైలాను తీగలు వేయడానికి తిప్పలు మొదలయ్యాయి. ఒక్కొక్క తీగే విప్పాలి, దాని చోట కొత్తది వెయ్యాలి, బిరడా తిప్పాలి, శ్రుతి చూడాలి. కొత్త తీగ సాగుతుంది. మళ్ళీ తిప్పాలి. వేళ్ళు కాపాడుకోవాలని మొదలుపెట్టిన పనిలో వేళ్ళు పచ్చిపుండయ్యాయి. అయ్యాక ఒక మోస్తరుగా వాయించాడు.

“ఎలా ఉంది?”

“జలుబు చేసినట్టుంది. ఉక్కువే నయం.”

మళ్ళీ విప్పాడు, మళ్ళీ వేశాడు. ఈసారి పేగు తీగలు. వేలు పెట్టగానే అతని ప్రాణం లేచొచ్చింది. చలికాలం పొద్దున్న దుప్పటి మీద చెయ్యేసినట్టుంది. తనకి తెలిసిన అన్నిట్లోకీ తియ్యటి పాట ఎత్తుకుని, కళ్ళు మూసుకుని వాయించాడు. సగంలోకి వచ్చేసరికి పాట పక్కదారి పట్టింది. కళ్ళు తెరిచి చూస్తే భార్య కోటు ఇస్త్రీ చేస్తోంది. పెట్టెలోంచి బుస్సుమని ఆవిరి లేచి నేరుగా బాబాయిగారి మీదికి పోతోంది. పేగు తీగలు చెమ్మ తాగి శ్రుతి తప్పాయి.

“ఇస్త్రీ ఇప్పుడే చెయ్యాలా?”

“కోటు సాయంత్రానికి ఇవ్వాలి. మీరు వాయించండి, నేను వింటూనే ఉన్నాను. మొదట్లో బాగుంది. తర్వాత బాబాయిగారు కాస్త తాగినట్టున్నారు.”

“అంటే?”

“అంటే ఉక్కువే ఖాయం. అవే పెట్టెయ్యండి. ఆ బల్ల ఇటు జరపాలి నేను.”

అతనికి ఒళ్ళు మండింది. కోపంలో మనిషి చేసే పనులన్నీ ఒక ఎత్తు, డబుల్ బేస్ వాయించేవాడు చేయకూడని పని ఒక ఎత్తు. అతను అదే చేశాడు. నాలుగు బిరడాలూ వరసపెట్టి వదిలేశాడు.

ఆ వాయిద్యం పొట్టలో పై చెక్కకీ కింది చెక్కకీ మధ్య ఒక చిన్న కర్ర నిలబడి ఉంటుంది. జిగురు లేదు, మేకు లేదు. తీగల బిగువు పైనుంచి అదిమితేనే నిలబడుతుంది. అందుకే తీగలు ఒక్కొక్కటిగా మార్చాలని నేర్చుకునేవాడికి మొదటి రోజే చెబుతారు. ఇతను ఎంతోమందికి చెప్పాడు కూడా.

ముందు తీగల కింది చెక్క వంతెన పటుక్కున పడింది. తర్వాత పొట్టలో ఏదో టక్కుమంది. దొర్లింది. ఆగింది.

ఇస్త్రీ పెట్టె కూడా ఆగింది.

“బాబాయిగారికి లోపల ఏదో ఊడింది” అంది భార్య.

“నాకు వినపడింది.”

“వాయించే పరీక్ష ఎప్పుడన్నారు?”

“ఎల్లుండి.”

“మంచిది. జిగురాయనకి కబురు పెడతాను.”

జిగురాయన వాయిద్యాలు బాగుచేస్తాడు. బట్టలకీ గడ్డానికీ ఎప్పుడూ జిగురే. వస్తూనే బోర్లా పడుకుని, బాబాయిగారి పొట్ట మీది సన్నటి కంతలోంచి చిన్న అద్దం పెట్టి లోపలికి తొంగిచూశాడు.

“నాలుగూ ఒకేసారి వదిలారా, అన్నగారూ?”

అన్నగారు గోడకేసి చూశాడు.

వంకర ఇనపచువ్వ ఒకటి కంతలోకి దూర్చి, పడిన కర్రని లేపడానికి జిగురాయన అవస్థ పడ్డాడు. లేస్తుంది, పడుతుంది. లేస్తుంది, పడుతుంది. భార్య దీపం పట్టుకుంది. భర్త వాయిద్యం పట్టుకున్నాడు. చివరికి కర్ర నిలబడింది. జిగురాయన వంతెన సరిచేసి, నుదురు తుడుచుకుని, సంచీలోంచి కొత్త పొట్లం ఒకటి తీశాడు.

“ఇవిగో వదినగారూ, మీరు ఎంచిన పేగు తీగలు. పోయిన వారమే వచ్చాయి. కబురు కోసమే చూస్తున్నా.”



“ఎవరు ఎంచారు?” అన్నాడు భర్త.

“వదినగారే. అంగడికొచ్చి ఒక్కో రకం వేలుతో నొక్కి చూశారు. వాయించేవాళ్ళు కూడా అంతసేపు చూడరు.”

“రోజూ గుడ్డ, దారం పట్టుకునే చెయ్యి. ఏది కోస్తుందో ఏది కోయదో తెలియదా?” అంది ఆవిడ.

“నీకు ఎలా తెలుసు... అసలు నీకేం తెలుసు?”

“కాఫీ కప్పు రెండు చేతులతో ఎత్తుతున్నారు. పసిపిల్లలు ఎత్తుతారు అలా.”

“మరి పొద్దున్నుంచీ ఉక్కువే బాగున్నాయని ఎందుకన్నావు?”

“మీ నోటితో మీరే చెబుతారేమోనని. అన్ని తీగలు విప్పారు, ఆ ఒక్క మాట విప్పలేకపోయారు.”

జిగురాయన బుద్ధిగా నేలకేసి చూస్తూ తీగలు వేస్తున్నాడు. చెవులు మాత్రం ఇటే ఉన్నాయి.

భర్త కుర్చీలో కూలబడ్డాడు. “వేళ్ళు నొప్పి పెడుతున్నాయి” అన్నాడు.

“ఊ.”

“చాలా రోజులైంది.”

“ఊ.”

“మాటిచ్చాను కదా. మానేస్తాను. రేపు వెళ్ళి పుల్లదొరకి చెప్పేస్తాను.”

ఆవిడ దీపం కింద పెట్టింది. మొహంలో నిజమైన భయం అతనికి అప్పుడు కనపడింది.

“మానేసి?”

“ఇంట్లో ఉంటాను.”

“పగలంతానా?”

“పగలంతా.”

“నోరు మూసుకోండి. అంగడిదాకా నడిచి ఆ తీగలు ఎందుకు ఎంచుకొచ్చాననుకున్నారు? మీరు ఉద్యోగంలో ఉండాలనే. పగలంతా మీరు ఇంట్లో ఉంటే బాబాయిగారు ఒకరు, బాబుగారు ఒకరు. నేను ఎక్కడ కుట్టుకోవాలి?”

ఇన్నాళ్ళూ మానేయమంటుందని భయపడ్డాడు. ఆవిడ భయం మానేస్తాడని. ఒకే ఇంట్లో ఇద్దరూ ఒకే ఉద్యోగాన్ని చెరో వైపు నుంచి కాపాడుతూ కూర్చున్నారన్నమాట. సంతోషించాలో సిగ్గుపడాలో తెలియక అతను వేళ్ళు నొక్కుకున్నాడు.

“ఒక్క మాట వదినగారూ” అన్నాడు జిగురాయన. “పేగుకి ఆవిరి పడదు. ఈ ఇస్త్రీ పెట్టె పక్కన పెడితే పూటకోసారి శ్రుతి పోతుంది. నాటకశాల సామాన్ల గది పొడిగా ఉంటుంది, అక్కడ పెట్టించండి.”

“అయ్యో, అలాగా!” అంది ఆవిడ.

భర్త తలెత్తి చూశాడు. అంగడిలో అంతసేపు నిలబడి ఒక్కో తీగా నొక్కి చూసిన మనిషి ఈ సంగతి మాత్రం అడగకుండా వచ్చిందా? ఉక్కుకి ఆవిరితో పేచీ లేదు. నైలానుకీ లేదు. మూడింటిలో ఈ ఇంట్లో కాపురం చేయలేనివి పేగు తీగలొక్కటే.

“మరి పొద్దున్నే సాధన ఎక్కడ చెయ్యను?” అని అడిగాడు, నీరసంగా.

“అక్కడే. పెందలాడే వెళ్తే సరి.”

మర్నాడే బాబాయిగారిని బండెక్కించారు.

పరీక్ష రోజు మొదటి స్వరానికే కమాను జారి కీచుమంది. ఎవరో దగ్గారు. అతను ఆగి, కమాను వేగం తగ్గించి, మళ్ళీ ఎత్తుకున్నాడు. ఈసారి శబ్దం అరవలేదు, బరువుగా నేల మీద నడుచుకుంటూ పోయినట్టు పోయింది. పుల్లదొర కూడా దాని వెంటే నడిచి ఆఖరి వరుసలో కూర్చున్నాడు. అతను ఆపేదాకా అక్కడే విన్నాడు.

“ఇక్కడిదాకా వచ్చింది” అన్నాడు చివరికి. “నువ్వు ఉండు.”

ఆ రెండు మాటలూ మోసుకుని అతను ఇంటికి వచ్చాడు. కిటికీ మూలలో కోట్లు కత్తిరించే పొడుగు బల్ల వేసి ఉంది. వెలుతురు దాని మీద పడుతోంది. బాబాయిగారు నిలబడిన చోటు ఏదో గుర్తుపట్టడం కూడా కష్టం.

“ఉండమన్నాడు” అన్నాడు.

“నాకు తెలుసు. కూర్చోండి.”

కూర్చోవడానికి చూస్తే బల్ల పక్కన ఒక ముక్కాలి పీట మాత్రమే ఉంది. కూర్చున్నాడు. ఆవిడ ఒక పాత కోటు తెచ్చి అతని ఒళ్ళో పడేసింది.

“ఊరికే కూర్చోకుండా ఈ కుట్లు విప్పండి. మెత్తటి దారమే లెండి, వేళ్ళు నొప్పి పెట్టవు.”