సెల్లారు గోడకు నాలుగో పూత

పదకొండింటికి కూతురు వస్తుంది. ఎనిమిదికల్లా సెల్లారు గోడ మీది నల్లబూజు కడిగేయాలి, తొమ్మిదికల్లా రంగు వేసేయాలి, పదికల్లా స్నానం చేసి ఏమీ ఎరగనట్టు వరండాలో పేపరు పట్టుకుని కూర్చోవాలి. రిటైరయిన హెడ్ గుమాస్తా గారు కాగితం మీద రాసుకున్న కార్యక్రమం ఇది. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఆయన రాసుకున్నది ఒక్కటీ టైముకి జరగలేదు గానీ, రాసుకోవడం మాత్రం ఏనాడూ మానలేదు.

ఆ గోడకు అప్పటికే మూడు పూతలు పడ్డాయి. పూసిన ప్రతిసారీ నెల తిరక్కుండానే బూజు మళ్ళీ పైకొచ్చేది. గోడలో పైపు కారుతోందని ఆయనకూ తెలుసు. ఒప్పుకుంటే ప్లంబర్ని పిలవాలి. మంచి ప్లంబరెవరని ఆ పేటలో ఎవర్నడిగినా ఒక్కణ్ణే చూపిస్తారు. వాడు ఆయన అల్లుడు. పైపులు బిగించేవాడికి పిల్లనిచ్చేదేమిటని మూడేళ్ళ కిందట నానా మాటలూ అని వాణ్ణి గుమ్మం దింపాడు. పెళ్ళి ఆగలేదు. తర్వాత పుట్టిన మనవరాలిని ఆయన ఫొటోలో చూడటమే. చూసినప్పుడల్లా ప్రాణం కొట్టుకుపోయేది, పైకి చెప్పేవాడు కాదు.

"పాపకి ఆయాసమండీ. ఆ ముక్కిన వాసన తగిలితే మీ కూతురు అరగంట కూడా ఉండదు. ముందు ఆ కారేది ఆపించండి. అల్లుడికి ఒక్క మాట చెప్తే..." అంది భార్య.

"గోడకీ అల్లుడికీ ఏంటే సంబంధం?" అంటూ ఆయన ఒక చేత్తో బ్లీచింగు డబ్బా, ఇంకో చేత్తో బాత్రూం యాసిడ్ సీసా పట్టుకుని మెట్లు దిగాడు. అప్పటికే పదిన్నర దాటింది.

పక్కింటావిడ చూడకుండా కిటికీ మూశాడు. భార్య సలహాలు వినబడకుండా తలుపుకి లోపల గడియ పెట్టాడు. విడివిడిగా పనిచేసేవి కలిస్తే రెట్టింపు పనిచేస్తాయి కదా అని రెండూ ఒకే బకెట్లో పోశాడు. కళ్ళు భగ్గుమన్నాయి, గొంతు పట్టేసింది. దగ్గుతూ గడియ కోసం గోడంతా తడిమాడు.

బయట భార్య తలుపు బాదుతోంది. పక్కింటావిడ ప్రహరీ మీంచి తొంగిచూసి, "ఏమైంది పిన్నిగారూ?" అంది.

"యాసిడ్ పట్టుకెళ్ళి గడియ పెట్టుకున్నారమ్మా. పిలిస్తే పలకడం లేదు."

"అల్లుడొచ్చేది ఇవాళే కదూ?" అని పక్కింటావిడ గుండె పట్టుకుని, ఎదురింటి దర్జీకి కేకేసింది. దర్జీ అంబులెన్సుకి ఫోన్ చేసి, వీధి మొదట్లో బస్సు దిగుతున్న కూతురికి ఎదురెళ్ళి, "మీ ఆయన మొహం చూడలేక మీ నాన్నగారు యాసిడ్ తాగేశారమ్మా" అని భోరుమన్నాడు.

ఆమె వెనకే బస్సు దిగిన అల్లుడు పరుగెత్తుకొచ్చి తలుపు పగలగొట్టాడు. మూతికి తువ్వాలు కట్టుకుని, మామగారిని బస్తాలా భుజాన వేసుకుని వీధిలోకి తెచ్చాడు. వీధి వీధంతా చూసింది.

"ఎంత తాగారు?" అన్నాడు అంబులెన్సు అతను.

"తాగలేదయ్యా. గోడ కడిగాను."

"అందరూ ముందు అలాగే చెప్తారు" అని అతను మూతికి ఆక్సిజన్ తగిలించాడు.

కూతురు గేటు బయటే నిలబడిపోయింది. చంకలో పాప దగ్గుతోంది. "నేనొస్తున్నానని ప్రాణం తీసుకుంటావా నాన్నా" అని ఏడ్చింది. కాదని చెప్పడానికి ఆయన మూతికి మాస్కు అడ్డం. ఆమె గడప తొక్కకుండానే వెనక్కి వెళ్ళిపోయింది.

అల్లుడు మాత్రం ఆయన ఆస్పత్రి నుంచి తిరిగొచ్చే సాయంత్రం దాకా ఉన్నాడు. నీళ్ళు కట్టేసి, గోడ పగలగొట్టి జాయింటు మార్చాడు. కిటికీలన్నీ తెరిచి, మాస్కూ గ్లౌజులూ వేసుకుని, బూజంతా సబ్బునీళ్ళతో రుద్ది కడిగాడు. నానిపోయిన పరుపూ అట్టపెట్టెలూ బయట పారేశాడు.

"బ్లీచింగూ యాసిడూ ఎప్పుడూ కలపకండి మావయ్యగారూ, విషవాయువు పుడుతుంది. రంగు వేస్తే బూజు చావదు, దాక్కుంటుంది. చెమ్మ లేకపోతే అదే రాదు" అని చెప్పి సంచీ సర్దుకున్నాడు. భోంచేసి వెళ్ళమందామనుకున్నాడు ఆయన. తీరా, "గేటు వేసి వెళ్ళు" అన్నాడు. ఆ సంగతి తల్చుకుని చాలా రోజులు కుమిలిపోయాడు.

రెండు నెలలు గడిచాయి. గోడ పూర్తిగా ఎండిపోయింది. ఎవర్నీ పిలవడానికి ఇంట్లో వంకే లేదు. ఓ శనివారం పొద్దున్నే ఆయన పానా పట్టుకుని సెల్లారులోకి దిగి, జాయింటు నట్టు అరచుట్టు వదులు చేసి పైకొచ్చాడు.

"ఏమే, మళ్ళీ కారుతోంది. ఆ ప్లంబర్ని పిలువు."

అల్లుడు ఇరవై నిమిషాల్లో వచ్చాడు. ఒక్కడే వచ్చాడు.

"పాపేదీ?" అని ఆయన మొదటిసారి నోరు విడిచి అడిగాడు.

"చెమ్మ ఉన్నచోటికి తీసుకెళ్ళొద్దన్నారండీ డాక్టరు గారు. గోడ ఎండిందని అత్తయ్యగారు చెప్తే, రేపు అందరం వచ్చి వారం రోజులుందామనుకున్నాం. మీ అమ్మాయి బట్టలు కూడా సర్దింది. ముందే తెలిస్తే మీరు మళ్ళీ ఏదైనా కడుగుతారని మీకు చెప్పొద్దంది. ఇక మళ్ళీ ఎండేదాకా కుదరదు" అంటూ అల్లుడు వంగి నట్టుని వేలితో తిప్పి చూశాడు. "ఇది దానంతటది వదులయ్యేది కాదే. ఎవరన్నా ముట్టుకున్నారా మావయ్యగారూ?"

ముప్పై ఏళ్ళ సర్వీసు ఊరికే పోలేదు. ఆ విషయం తన దృష్టికి రాలేదన్నాడు హెడ్ గుమాస్తా గారు.